చలికాలం చెప్పకుండా రాదు: పట్టణ పాలకులకు బహిరంగ లేఖ

మేయర్లకు, మున్సిపల్ కమిషనర్లకు, టౌన్ ప్లానింగ్ అధికారులకు, కాలుష్య నియంత్రణ మండళ్ల సభ్యులకు

నమస్కారం.

చలి మొదలై ఊళ్లో గాలి పాడవగానే, ఏ దేశంలోనైనా అధికారుల నోట ముందుగా వినిపించే మాట వాతావరణం అనుకూలించలేదని. నాలుగు వానలు పడి గాలి తేటపడ్డాక అదే నోట వినిపించేది మేం తీసుకున్న చర్యలు ఫలిస్తున్నాయని. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ గాలి పాడైనప్పుడు గుర్తొచ్చిన వాతావరణం, బాగుపడ్డప్పుడు లెక్కలోంచి జారిపోతే, అసలు ఊరి పొగ తగ్గిందా లేదా అన్నది ఎవరికీ తెలియకుండా పోతుంది. అది తెలియకుండానే ఏళ్లకేళ్లు గడిచిపోతున్నాయన్నదే నా బాధ.

ఊరి చుట్టూ ఉన్న కొండలు నిన్నమొన్న మొలిచినవి కావు. సముద్రం ఏ పక్కన ఉందో, ఏ నెలలో గాలి ఏ దిక్కునుంచి వీస్తుందో మీ కార్యాలయాల్లో అందరికీ తెలుసు. ఇంత ముందుగా తెలిసినదాన్ని అనుకోని విపత్తులా చూడకండి. దానికి తగ్గట్టు ముందే పని చేయండి. నేను అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెబుతాను.

పగలు ఎండకి నేల కాగుతుంది. నేలను ఆనుకున్న గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. పైనున్న చల్లటి గాలి దాని చోటులోకి దిగుతుంది. ఊరు వదిలిన పొగంతా ఈ కదలికలో కలిసి పలచబడుతుంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకి సగటున 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టే ఇది సాగుతుంది. పొడి ప్రాంతాల్లో ఎండాకాలం మధ్యాహ్నం రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి ఇలా కలుస్తుంది. చలికాలం రాత్రి సంగతి వేరు. మబ్బు ఉండదు, గాలి కదలదు, రాత్రి పొడవు. నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన మాత్రం వెచ్చటి గాలి మిగిలిపోతుంది. కిందున్న చల్లటి గాలి బరువైనది కాబట్టి పైకి లేవలేదు. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం, ఇన్వర్షన్ అంటున్నాం. ఊరి మీద మూత పెట్టినట్టే. అలాంటి రాత్రి గాలి కలిసే ఎత్తు వంద, రెండు వందల మీటర్లకి పడిపోవచ్చు.

దీన్ని చూడటానికి ఏ పరికరమూ అక్కర్లేదు. చలికాలం తెల్లవారుజామున ఊరి శివార్లలో, ఏదైనా పొగగొట్టం కనిపించే చోట నిలబడండి. పొగ నిటారుగా లేస్తుంది. కొంత ఎత్తు వెళ్లాక ఏదో అడ్డం తగిలినట్టు ఆగిపోయి, అక్కడినుంచి బల్లపరుపుగా, పలచటి పట్టీలా చాలా దూరం పరుచుకుంటుంది. ఎండ ఎక్కి కింది గాలిలో కదలిక మొదలయ్యాక ఆ పట్టీ చెదురుతుంది. చెదిరి పైకే పోతుందనుకోవద్దు, కొంత నేల మీదికి దిగుతుంది. పొడుగాటి చిమ్నీల పొగ రాత్రంతా జనం తలల మీదుగా వెళ్లి, పొద్దెక్కేసరికి కిందికి రావడం అందుకే. పిల్లలు బడి ఆవరణలో ఉండే సమయం అది.

ఇప్పుడు చిన్న లెక్క. గాలి కలిసే ఎత్తు 2,000 మీటర్ల నుంచి 200 మీటర్లకి తగ్గితే, అదే పొగ పదింతలు చిక్కనవుతుంది. గాలి వేగం కూడా సగానికి పడిపోతే ఇరవై ఇంతలు. ఇది ముతక లెక్కే, గాలిలో జరిగే రసాయన చర్యలు ఇందులో లేవు. వాటిని కలిపితే చలికాలం ఇంకా ఇబ్బందికరంగా తేలుతుంది. అమ్మోనియం నైట్రేట్ లాంటి పదార్థాలు వేడికి ఆవిరైపోతాయి, చలికి సన్నటి రేణువులుగా గాలిలో నిలిచిపోతాయి. తేమ ఎక్కువగా ఉన్న ఉదయాల్లో రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, మసక ఇంకా చిక్కబడుతుంది. అంటే ఎండాకాలం మధ్యాహ్నం తగలబడిన చెత్తకుప్పా, చలికాలం రాత్రి తగలబడిన చెత్తకుప్పా ఒకటి కావు. మీ నిబంధనల్లో మాత్రం రెండింటికీ ఒకే జరిమానా, ఒకే శ్రద్ధ.

చరిత్రలో గాలి వల్ల జరిగిన పెద్ద ఘోరాలను తీసి చూస్తే నన్ను కలచివేసే విషయం ఒకటుంది. 1930 డిసెంబరులో బెల్జియంలోని మ్యూజ్ నది లోయలో అరవై మందికి పైగా చనిపోయారు. 1948 అక్టోబరు చివర్లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డొనోరా అనే చిన్న పట్టణంలో ఇరవై మంది పోయారు. అక్కడి జనాభా పద్నాలుగు వేలు, జబ్బుపడ్డవాళ్లు వేలల్లో ఉన్నారు. రెండు చోట్లా ఆ వారం ఫ్యాక్టరీలు కొత్తగా చేసిందేమీ లేదు. రోజూ వదిలే పొగే వదిలాయి. మారింది పైనున్న గాలి ఒక్కటే. డొనోరా ఒక నది వంపులో, కొండల మధ్య ఉంది. జింకు ఫ్యాక్టరీ నది ఒడ్డునే ఉండేది. గాలి స్తంభించిపోయాక కూడా బట్టీలు మండుతూనే ఉన్నాయి. శనివారం హైస్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆ మసకలోనే ఆడించారు. ఆదివారం ఉదయం ఫ్యాక్టరీ బట్టీలు ఆపారు, అదే రోజు వాన వచ్చి గాలిని కడిగింది. వాన ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఎంతమంది పోయేవారో ఆలోచిస్తేనే భయమేస్తుంది.

మా ఊళ్లో లోయా లేదు, కొండలూ లేవు కదా అని కొందరు అధికారులు అనుకోవచ్చు. లండన్ చుట్టూ పెద్ద కొండలేవీ లేవు. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు, అధిక పీడన ప్రాంతం ఊరి మీద తిష్ఠ వేయడంతో గాలి ఆగిపోయింది. ఇళ్లలో బొగ్గు పొయ్యిల పొగా, విద్యుత్ కేంద్రాల పొగా మంచులో కలిసి నేల మీదే ఉండిపోయాయి. నాలుగు వేల మంది చనిపోయారని అప్పట్లో లెక్క వేశారు, తర్వాతి అధ్యయనాలు ఆ సంఖ్యను పన్నెండు వేల దాకా తీసుకెళ్లాయి. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. పార్లమెంటు వాతావరణాన్ని మార్చలేదు. పొయ్యిలో ఏం కాల్చాలో మార్చింది.

కొండల మధ్య ఉన్న ఊరికి కష్టం ఎక్కువే, కాదనను. మెక్సికో సిటీ 2,240 మీటర్ల ఎత్తున, కొండలు చుట్టుముట్టిన మైదానంలో ఉంది. అంత ఎత్తులో సముద్రమట్టం కంటే ఆక్సిజన్ దాదాపు పాతిక శాతం తక్కువ, ఇంజన్లలో ఇంధనం సరిగ్గా కాలదు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా చెడ్డ గాలి ఉన్న నగరాల్లో దాని పేరు ముందుండేది. నగరంలోపలే ఉన్న పెద్ద రిఫైనరీని 1991లో మూసేశారు, పెట్రోల్లో సీసం తీసేశారు, బండ్లకు కఠినమైన తనిఖీలు పెట్టారు. గాలి ఇప్పటికీ గొప్పగా లేదు, అయినా అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. కొండలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అందుకే భౌగోళిక స్థితి మన ఖర్మ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. కొండల మధ్య ఉన్న ఊరికి మైదానంలోని ఊరంత పొగ వదిలే హక్కు లేదు. పరిమితులు అందుకు తగ్గట్టు ఉండాలి.

సముద్రం పక్కన ఉంటే గాలికి లోటుండదన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. పగలు సముద్రం మీదినుంచి గాలి ఊళ్లోకి వస్తుంది, రాత్రి నేల మీదినుంచి సముద్రం మీదికి పోతుంది. గాలులు బలహీనంగా ఉన్న రోజుల్లో రాత్రి సముద్రం మీదికి పోయిన పొగలో కొంత మర్నాడు పగటిగాలితో తిరిగొస్తుంది. విశాఖపట్నాన్నే తీసుకోండి. ఒక పక్క కైలాసగిరి వరస, ఇంకో పక్క యారాడ కొండలు, తూర్పున సముద్రం. ఓడరేవూ పరిశ్రమలూ ఉన్నది ఆ కొండల నడుమ పల్లంలోనే. చలికాలం రాత్రి అక్కడి పొగకు దారి దొరకడం కష్టం.

చలికాలాన్నే తప్పుపట్టి ఎండాకాలాన్ని వదిలేస్తున్నానని అనుకోకండి. లాస్ ఏంజెలెస్‌కి మూడు వైపుల కొండలు, ఒక వైపు సముద్రం. అక్కడి జనం కళ్లు మండిపోయేది ఎండలు కాసే నెలల్లో. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లూ హైడ్రోకార్బన్లూ ఎండలో చర్య జరిపి, ఊపిరికి హాని చేసే ఓజోన్ వాయువుగా మారుతున్నాయని హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త 1950ల్లో తేల్చారు. ఇందులో ఇంకో చిక్కుంది. ట్రాఫిక్ ఎక్కువ ఉన్న కూడళ్లలో తాజా పొగ ఓజోన్‌ను కొంత మింగేస్తుంది, అందుకే అక్కడి గాలి కాలుష్యాన్ని కొలిచే మీటర్లో ఓజోన్ తక్కువ చూపిస్తుంది. గాలివాలున ఇరవై ముప్ఫై కిలోమీటర్ల అవతలున్న శివారు కాలనీలో మధ్యాహ్నానికి అది పెరిగిపోతుంది. మీటరు ఊరి నడిబొడ్డున మాత్రమే ఉంటే ఆ కాలనీ సంగతి ఎవరికీ పట్టదు. ఎండాకాలపు ధూళి మాట సరేసరి.

వానల గురించి కూడా ఒక మాట. వాన గాలిని కడుగుతుంది, నిజమే. కానీ చినుకులు బాగా పట్టుకునేది పెద్ద రేణువులను. మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు నుంచి ఒక మైక్రాన్ దాకా ఉన్న సన్న రేణువులు చినుకుల మధ్యనుంచి చాలావరకు తప్పించుకుంటాయి, ఊపిరితిత్తుల లోతుకి పోయేవి కూడా అవే. వానాకాలంలో అంకెలు తగ్గడానికి బలమైన గాలులూ, తడిసి ధూళి లేవని నేలా, ఆరుబయట మంటలు లేకపోవడమూ కారణాలే. ఇందులో ఏది ప్రకృతి చేసింది, ఏది మీరు చేసింది అన్నది విడదీసి చెప్పమని అడుగుతున్నాను. అది అసాధ్యమేమీ కాదు. గాలి కలిసే ఎత్తు, గాలి వేగం, తేమ, వాన ఒకేలా ఉన్న రోజులను ఏటికేడాది పోల్చి చూసే పద్ధతులు శాస్త్రవేత్తల దగ్గర ఉన్నాయి.

ఏడాది సగటు గురించి కోపంగానే రాస్తున్నాను, మన్నించండి. ఒక ఊళ్లో పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లకు మించని సన్న రేణువులు, ఘనపు మీటరు గాలికి మైక్రోగ్రాముల లెక్కన వానలున్న నాలుగు నెలలు 20, ఎండలున్న నాలుగు నెలలు 40, చలి ఉన్న నాలుగు నెలలు 120 ఉందనుకుందాం. సగటు 60. వచ్చే ఏడాది వానలు బాగా పడి, గాలులు బాగా వీచి అది 55కి దిగితే మెరుగుపడిందని ప్రకటించేస్తారు. చలికాలంలో ఆస్పత్రి వార్డు నిండిపోయిన సంగతి ఆ 55లో ఎక్కడా కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏడాదికి 5 మైక్రోగ్రాములు, ఒక్క రోజుకి 15 అని విడివిడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడాది సగటు బాగున్నా ఒక్క చెడ్డ వారం ప్రాణం తీయగలదు కాబట్టే రోజుకీ విడిగా పెట్టింది.

ఫ్యాక్టరీలకు అనుమతులిచ్చేటప్పుడు కూడా ఇదే పొరపాటు జరుగుతోంది. భారతదేశంలో పర్యావరణ ప్రభావ అంచనాకి చాలా ప్రాజెక్టుల విషయంలో వానాకాలం కాని ఒక్క సీజన్ కొలతలు సరిపోతాయి. ఆ సీజన్ మార్చి నుంచి మే వరకు అయితే? గాలి రెండు మూడు కిలోమీటర్లు కలిసే రోజుల్లో కొలిచి, ఈ ఊరి గాలి ఇంకొంత భరిస్తుందని రాసేస్తారు. ఆ చిమ్నీ పొగ వదలబోయేది మాత్రం పన్నెండు నెలలూ. ఏ దేశంలోనైనా అనుమతి కాగితం మీద ఆ ఊరి అతి చెడ్డ నెల కొలతలు ఉండి తీరాలి.

కాలాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మంచి ఉద్దేశంతో చేసిన చట్టం కూడా ఎలా ఎదురు తిరుగుతుందో ఉత్తర భారతం చూపించింది. భూగర్భజలాలను కాపాడాలని పంజాబ్, హర్యానా 2009లో చట్టాలు చేశాయి, వరి నాట్లను జూన్ నెలలోకి జరిపాయి. నీళ్ల విషయంలో అవసరమైన పనే. నాట్లు జరిగితే కోతలూ జరుగుతాయి. కోతకీ గోధుమ విత్తనానికీ మధ్య రైతుకు మిగిలే రోజులు తగ్గాయి, గడ్డి తగలబెట్టడం అక్టోబరు చివరికీ నవంబరుకీ చేరింది. సరిగ్గా అప్పుడే గాలులు నెమ్మదిస్తాయి, మూత కిందికి దిగుతుంది, వాయవ్యపు గాలి ఆ పొగను గంగా మైదానంలోకి మోస్తుంది, ఉత్తరాన హిమాలయాలు అడ్డు నిలుస్తాయి. రైతును దోషిగా నిలబెట్టడం నాకు నచ్చదు. నీళ్ల ఫైలూ గాలి ఫైలూ ఒకే బల్ల మీదికి రాలేదు, లోపం అక్కడుంది.

మీ చేతుల్లోనే ఉన్న ఇంకో విషయం లారీలు. పగలు ట్రాఫిక్‌కి అడ్డమని చాలా నగరాల్లో బరువు బండ్లను రాత్రి పదీ పదకొండు దాటాకే లోపలికి వదులుతారు. రోడ్డు కోణంలో చూస్తే ఇది సబబే. గాలి కోణంలో చూస్తే, రోజు మొత్తంలో పొగకు చోటు అతి తక్కువగా ఉన్న గంటల్లో అతి ఎక్కువ పొగ వదిలే బండ్లను ఊళ్లోకి పిలుస్తున్నాం. రోడ్డు పక్క ఇళ్లలో, పేవ్‌మెంట్ల మీద పడుకున్న జనం ఆ పొగే పీలుస్తారు. ఏడాదంతా మార్చమనడం లేదు. చలి నెలల్లో ఊరికి సంబంధం లేని లారీలను బైపాస్ మీదుగా పంపండి. ఊరికి కావలసినవాటికి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా అనుమతి ఇచ్చి చూడండి. ట్రాఫిక్ పోలీసులకు కొంత టెన్షన్ తప్పదు, దానికి తగిన మనుషుల్ని ఇవ్వండి.

గాలిని వడకట్టే స్మాగ్ టవర్ల మీద, రోడ్లపై నీళ్లు చిమ్మే ఫిరంగుల మీద డబ్బు పోయొద్దని గట్టిగా చెబుతున్నాను. దిల్లీలో 2021లో పెట్టిన టవర్ సామర్థ్యం సెకనుకి వెయ్యి ఘనపు మీటర్ల గాలి. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఊరి మీద 200 మీటర్ల ఎత్తు వరకు ఉన్న గాలి రెండు వేల కోట్ల ఘనపు మీటర్లు. ఆ ఒక్క టవర్ క్షణం ఆగకుండా తిరిగితే ఆ గాలిని ఒక్కసారి వడకట్టడానికి సుమారు 230 రోజులు పడుతుంది. ఈలోగా ఊరు పొగ వదలడం ఆగదు. ఆ డబ్బుతో రాత్రి కాపలావాళ్లకు హీటర్లూ, ఆరుబయట పడుకునేవాళ్లకు రగ్గులూ షెల్టర్లూ ఇస్తే, చలి కాచుకోవడానికి టైర్లూ ప్లాస్టిక్కూ కాల్చే అవసరం వాళ్లకు ఉండదు.

మరి ఎవరైనా సరిగ్గా చేశారా అంటే, జర్మనీలోని స్టుట్‌గార్ట్ పేరు చెబుతాను. కొండల మధ్య పల్లంలో, గాలి తక్కువగా వీచే నగరం. 1938 నుంచీ నగర పాలనలోనే వాతావరణ నిపుణులున్న విభాగం ఉంది. రాత్రిపూట కొండవాలుల మీద చల్లబడిన గాలి ఏ దారిన ఊళ్లోకి దిగుతుందో మ్యాపు గీసి, ఆ దారుల్లో భవనాలు అడ్డం రాకుండా ప్లానింగ్ నిబంధనల్లోకి ఎక్కించారు. అయినా బండ్ల పొగ వల్ల అక్కడి ప్రధాన రోడ్లలో గాలి చాలాకాలం పరిమితులు దాటింది. దాంతో 2016 నుంచి కొన్నేళ్లపాటు ఇంకో పద్ధతి పాటించారు. గాలి స్తంభించబోతోందని వాతావరణ శాఖ చెప్పగానే, మీటర్లు ఎగబాకే దాకా ఆగకుండా ముందే అలారం ప్రకటించి, కార్లు వదిలి బస్సుల్లో రైళ్లలో వెళ్లమని జనాన్ని కోరేవారు. ముందు అంచనా చూసి కదలడం అనే ఆ పద్ధతి ఏ ఊరైనా పాటించగలదు. గాలి పాడైనప్పుడు దిల్లీలో తీసుకునే చర్యల ప్రణాళికను కూడా 2022లో అంచనాల మీద ఆధారపడేలా మార్చారు.

మీ ఊళ్లో చల్లగాలి దిగే దారులు ఎవరైనా గీశారా? కొండవాలు మీద కొత్త లేఔట్‌కి సంతకం పెట్టేముందు ఆ మ్యాపు ఫైల్లో ఉందా? డంపింగ్ యార్డు ఊరికి ఏ పక్కన ఉంది, చలికాలం రాత్రి గాలి ఆ పక్కనుంచి ఎటు పోతుంది? మీటరు కొండ మీది ప్రభుత్వ భవనం కప్పు మీద ఉందా, పల్లంలో జనం కిక్కిరిసిన బస్తీలో ఉందా? ఈ ప్రశ్నలకు మీ సొంత ఇంజనీర్లు కొన్ని వారాల్లో జవాబు తేగలరు.

వానలు ఆగిన వారంలోనే ఒక సమావేశం పెట్టండి. వాతావరణ శాఖ, ట్రాఫిక్, పారిశుద్ధ్యం, విద్య, వైద్యం, పరిశ్రమల వాళ్లు అందరూ ఉండాలి. డంపింగ్ యార్డులో ఎండు చెత్త చలికి ముందే ఖాళీ చేసే తేదీ, మూత పడే రాత్రుల్లో ఏ బట్టీలు ఎన్ని గంటలు ఆపాలో రాతపూర్వక ఒప్పందం, బళ్లలో ఆటల పీరియడ్ పొద్దున్నుంచి మధ్యాహ్నానికి మార్చే ఉత్తర్వు ఆ రోజే తేలాలి. పొద్దున్నే నడకకు వెళ్లే పెద్దవాళ్లకు, చలి నెలల్లో సాయంత్రం చీకటి పడకముందు నడవమని చెప్పడానికి ఆరోగ్య కార్యకర్తలకు రెండు నిమిషాలు చాలు. చలికాలం ముగిశాక, ఆ నాలుగు నెలల అంకెలను విడిగా, వాతావరణం ప్రభావం తీసేసి, వార్డులవారీగా నోటీసు బోర్డు మీద పెట్టండి. అంకెలు బాగా లేకపోయినా పెట్టండి. మేం చదువుతాం, వచ్చే ఏడాది వాటితోనే పోల్చి అడుగుతాం.

ఇట్లు,
ఒక పట్టణవాసి